ఓపిక ఉన్నప్పుడే చెప్పాల్సింది

పాలగ్లాసు పట్టుకుంటే ఆ పిల్లవాడి చెయ్యి వణుకుతుంది. నోటి దగ్గరికి తెచ్చుకునేసరికి గ్లాసు ఊగిపోయి పాలు మొహమంతా చిందుతాయి. సినిమా హాల్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాసేపయ్యాక, వాడు అల్లరికి అలా చెయ్యడం లేదనీ, లోపల ఏదో కుదురుగా లేకే ఆ చెయ్యి వాడి మాట వినడం లేదనీ అర్థమైంది. నవ్వినందుకు సిగ్గేసింది. కుర్చీలో కొంచెం ముందుకి జరిగి కూర్చున్నాను.

అది 1994 ఎండాకాలం. హైదరాబాదులో ఎమ్మెస్సీ చదువుతున్నాను. నా రూమ్మేట్ ఒక ఫిల్మ్ సొసైటీలో సభ్యుడు. ఆ సాయంత్రం వాడికి కుదరక పాస్ నా చేతిలో పెట్టాడు. స్వీడన్ సినిమా అన్నాడు. స్వీడన్ గురించి అప్పటికి నాకు తెలిసింది నోబెల్ బహుమతులూ, బోర్గ్, ఎడ్బర్గ్ అనే టెన్నిస్ ఆటగాళ్ళూ, అంతే. సినిమా పేరు 'మై లైఫ్ యాజ్ ఎ డాగ్'. 1985లో వచ్చింది, దర్శకుడు లాసే హాల్‌స్ట్రోమ్. అంతకు ముందు ఆయన 'అబ్బా' అనే స్వీడన్ పాప్ బృందం పాటలకి వీడియోలు తీసేవాడని తర్వాత చదివాను. రైదార్ యోన్సన్ తన చిన్నతనం ఆధారంగా రాసుకున్న నవలని ఆయనే మరికొందరితో కలిసి స్క్రీన్‌ప్లేగా మార్చాడు. దర్శకత్వానికీ స్క్రీన్‌ప్లేకీ రెండు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. ఆ సాయంత్రం ఇవేవీ నాకు తెలియవు. తెలియకపోవడమే మంచిదైంది.

కథ 1950ల చివర్లో, 1959తో ముగుస్తుంది. ఇంగెమార్ అనే పిల్లవాడు, వాడి అన్న, అమ్మ. నాన్న ఇంట్లో ఉండడు. ఎక్కడో భూమధ్యరేఖ దగ్గర అరటిపళ్ళు ఓడకెత్తిస్తున్నాడని వాడు చెబుతుంటాడు. అమ్మ ఫొటోలు తీసేది, పుస్తకాలు చదివేది. ఇప్పుడు మంచం మీద ఉంది. పిల్లలిద్దరూ కొట్టుకుంటే, అరిస్తే, ఏదైనా పగలగొడితే ఆవిడ తట్టుకోలేదు. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని అటు తిరుగుతుంది, లేదా గట్టిగా అరుస్తుంది. అరిచాక ఆవిడ మొహం చూడలేం.

మధ్యమధ్య ఒక జ్ఞాపకం వస్తుంది. సముద్రపొడ్డు, ఎండ. వాడు ఏదో కథ చెబుతూ చేష్టలు చేస్తుంటే అమ్మ పడీపడీ నవ్వుతుంది. ఆ నవ్వు కోసమే వాడు ఇంట్లో జరిగినవన్నీ కథలుగా అల్లి ఆవిడకి చెప్పాలని చూస్తాడు. అమ్మకి ఓపిక ఉన్నప్పుడే అన్నీ చెప్పి ఉండాల్సింది అని వాడి గొంతు వెనక నుంచి వినిపిస్తుంది. సబ్‌టైటిల్‌లో ఆ వాక్యం చదివాక నేను తర్వాతి రెండు మూడు వాక్యాలు చదవలేదు.

రాత్రిపూట ఆకాశం, నక్షత్రాలు. వాడు తనలో తాను మాట్లాడుకుంటాడు. ఎప్పుడూ పోల్చి చూసుకోవాలంటాడు. బోస్టన్‌లో ఒకాయనకి కొత్త కిడ్నీ పెట్టారు, పేపర్లన్నిట్లో పేరొచ్చింది, అయినా బతకలేదు. ఇంకొకాయన ఆటల మైదానానికి అడ్డంగా నడిచి వెళ్తుంటే ఎవరో విసిరిన ఈటె వచ్చి గుచ్చుకుంది. మోటర్‌సైకిలు మీద బస్సుల వరసని దూకబోయి పడిపోయినవాడు ఒకడు. వీళ్ళతో పోల్చుకుంటే నాకేం తక్కువైంది అని వాడి లెక్క. అన్నిటికంటే ఎక్కువగా లైకాని తలుచుకుంటాడు. రష్యావాళ్ళు స్పుత్నిక్‌లో అంతరిక్షంలోకి పంపిన కుక్క. తిండి అయిపోయేదాకా తిరిగి తిరిగి చచ్చిపోయింది, పంపమని తనేమీ అడగలేదు కదా అని.

లైకా మాస్కో వీధుల్లో పట్టుకున్న ఊరకుక్క. 1957 నవంబరు 3న స్పుత్నిక్-2లో పంపారు. వెనక్కి తెచ్చే ఏర్పాటు ఆ నౌకలో లేనే లేదు. తిరిగి రాదని తెలిసే ఎక్కించారు. కొన్నాళ్ళు బతికిందనే చాలా ఏళ్ళు ప్రపంచం నమ్మింది. 2002లో అసలు సంగతి బయటికొచ్చింది. నౌక లోపల వేడి పెరిగిపోయి, లైకా కొన్ని గంటల్లోనే పోయింది. ఆ తర్వాత ఇంకో అయిదు నెలలు ఆ డబ్బా భూమి చుట్టూ తిరిగి 1958 ఏప్రిల్‌లో కాలిపోయింది. ఆ వార్త చదివిన రోజు నాకు ముందు ఇంగెమారే గుర్తొచ్చాడు. ఆకలితో పోయిందనుకుని వాడు అన్ని రాత్రులు బాధపడ్డాడు. అలా జరగలేదురా, తొందరగానే అయిపోయింది అని వాడికి చెప్పాలనిపించింది.

నాకు ఇదంతా ఎందుకంత గట్టిగా పట్టుకుందో చెప్పాలి.

1982 వానాకాలంలో మా అమ్మకి దగ్గు మొదలైంది. మేం విజయవాడలో ఉండేవాళ్ళం. స్కూల్లో జామెట్రీ బాక్సు పోగొట్టుకుని, ఇంటికెళితే తిడతారని బందరు కాలవ గట్టు మీద ఒక గుడిసె చాటున దాక్కున్నాను. జోరున వాన. అమ్మ గొడుగు కూడా లేకుండా నన్ను వెతుక్కుంటూ వచ్చి, చీకటి పడ్డాక పట్టుకుంది. తిట్టలేదు. ఇద్దరం తడిసి ముద్దయి ఇంటికొచ్చాం. ఆ వారంలోనే దగ్గు. పెద్దవాళ్ళు పిల్లల ముందు జబ్బు పేరు అనేవాళ్ళు కాదు, 'వానలో తడిసింది, నెమ్ము చేసింది' అనేవాళ్ళు. క్షయ అన్న మాట నేను చాలా ఏళ్ళ తర్వాత విన్నాను. కానీ 'వానలో తడిసింది' అన్నది విన్నాను. ఎందుకు తడిసిందో ఇంట్లో నా ఒక్కడికే తెలుసు.

కొన్నాళ్ళకి నాన్న నన్ను బస్సెక్కించి మావయ్య ఇంటికి పంపించేశారు. అవనిగడ్డ దాటాక, దివిసీమలో ఒక ఊరు. నాతో ఒక ట్రంకు పెట్టె, అమ్మ పాతచీరలతో కుట్టిన బొంత ఒకటి. ఎన్నాళ్ళుండాలో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. తప్పు చేసినవాడు ఎలా అడుగుతాడు?

ఆ ఊరివాళ్ళకీ పోల్చుకోవడం అలవాటు. 1977 నవంబరు 19 ఉప్పెన జరిగి అప్పటికి అయిదారేళ్ళే. ఎవరికి ఏ కష్టమొచ్చినా 'ఉప్పెనలో పోయినవాళ్ళతో పోలిస్తే మనమెంత' అనేవాళ్ళు. పంట పోయినా అదే మాట, గొడ్డు చచ్చినా అదే మాట. నేను మొహం వేలాడేసుకుని అరుగు మీద కూర్చుంటే పక్కింటి మామ్మ కూడా అదే అనేది. 'మీ అమ్మ ఉంది కదరా, ఆసుపత్రిలో ఉన్నా ఉంది కదా.' ఆవిడ కోడలూ ఇద్దరు మనవలూ ఆ ఉప్పెనలో పోయారు. ఆ మాట వింటే నోరు మూతపడేది. దుఃఖం మాత్రం ఎక్కడికీ పోయేది కాదు, లోపల ఇంకొంచెం కిందికి దిగేది. పదకొండేళ్ళ తర్వాత చీకటి హాల్లో ఒక స్వీడన్ పిల్లవాడు కిడ్నీ మనిషినీ, ఈటె తగిలినవాడినీ లెక్కపెట్టుకుంటుంటే, పోల్చుకోవడం అంటే ఏమిటో నాకు తెలిసొచ్చింది. ఏడుపుని వాయిదా వెయ్యడానికి పిల్లలకి దొరికే ఒకే ఒక్క సాధనం అది.

సినిమాలో ఇంగెమార్‌నీ పంపించేస్తారు. అన్న ఒకచోటికి, వీడు స్మోలాండ్‌లో ఉన్న గున్నార్ మావయ్య ఇంటికి. వాడి కుక్క సిక్కన్ని మాత్రం తీసుకెళ్ళనివ్వరు. దాన్ని ఎవరో చూసుకుంటారంటారు.

స్మోలాండ్‌లో నేల రాళ్ళమయం. పంటలు సరిగ్గా పండక 19వ శతాబ్దంలో అక్కడి నుంచి వేలమంది అమెరికాకి వలసపోయారు. మిగిలినవాళ్ళకి అడవి ఉంది, అడవిలో కట్టెలున్నాయి. కొలిమికి కట్టెలు కావాలి కాబట్టి గాజు పరిశ్రమ అక్కడ పాతుకుపోయింది. కోస్టా కార్ఖానా 1742 నాటిది. తర్వాత బూడా, ఓఫోర్స్, ఒర్రెఫోర్స్, ఇలా ఊరికొకటి వెలిశాయి. ఆ ప్రాంతాన్ని అక్కడివాళ్ళు గాజు రాజ్యం అని పిలుచుకుంటారు. గున్నార్ మావయ్య పనిచేసేది అలాంటి కార్ఖానాలోనే. ఊరంతా దాని చుట్టూనే బతుకుతుంది.

ఆ ఊళ్ళో మనుషులు! ఫ్రాన్సన్ అనే ఆయన ఎప్పుడూ ఇంటి కప్పు మీదే ఉంటాడు, ఏదో మేకు కొడుతూ. చలికాలంలో గడ్డకట్టే నీళ్ళలోకి దిగి ఈత కొడతాడు. ఊరంతా పరిగెత్తుకొచ్చి 'వచ్చెయ్యవయ్యా' అని బతిమాలుతుంది. ఆకుపచ్చ జుట్టున్న పిల్లవాడు ఒకడు. వాడి జుట్టు ఎందుకలా ఉందని ఎవరూ అడగరు. కింది వాటాలో మంచం పట్టిన ముసలాయన ఆర్విడ్సన్. పిల్లలంతా కలిసి తీగ మీద జారే అంతరిక్ష నౌక ఒకటి తయారుచేసి ఎక్కుతారు, అది మధ్యలో ఆగిపోతుంది. సాగా అని ఒక అమ్మాయి ఉంటుంది. ఫుట్‌బాల్‌లో, బాక్సింగ్‌లో ఊళ్ళో మగపిల్లలెవరూ ఆమెకి సరిరారు. అబ్బాయిలాగే ఉంటుంది. అమ్మాయని తెలిస్తే టీమ్‌లో ఉండనివ్వరేమోనని ఆమె టెన్షన్ ఆమెది. ప్రతివాళ్ళకీ ఏదో ఒక తేడా ఉంది, ఎవరినీ ఎవరూ సరిచెయ్యాలని చూడరు. ఇంట్లో తన వల్లే అంతా పాడవుతోందనుకునే పిల్లవాడికి ఇంతకంటే మంచి చోటు ఉండదు. అలాంటి ఊరిని ఊహించి తీసినందుకు హాల్‌స్ట్రోమ్‌కి నేను రుణపడి ఉన్నాననిపిస్తుంది.

గున్నార్‌గా వేసిన తొమాస్ ఫోన్ బ్రొమ్సెన్‌ని చూస్తే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది. గ్రామఫోను మీద ఒకే పాట మళ్ళీ మళ్ళీ వేసుకుంటాడు. భార్య ఉల్లా విసుక్కుంటుంది, మళ్ళీ వేస్తాడు. తోటలో చిన్న చెక్కగది ఒకటి కడతాడు. స్వీడన్‌లో పెరట్లో అలా నాలుగు గోడలూ కిటికీలూ పెట్టి వేసవిలో కూర్చోవడానికి కట్టుకుంటారు. మేనల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ గదిలో ఊరికే కూర్చుంటాడు. నీతులు చెప్పడు, అమ్మ గురించి తవ్వి అడగడు.

మా మావయ్య వేరే రకం మనిషి. మాట తక్కువ. కానీ ఆయన దగ్గర ఒక ట్రాన్సిస్టర్ ఉండేది. 1983 జూన్ 25 రాత్రి లార్డ్స్‌లో క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్. ఊళ్ళో అంతా మా అరుగు మీదే. ఇంగ్లీషు వచ్చిన మాస్టారొకరు కామెంటరీ విని తెలుగులో చెబుతున్నారు. మనవాళ్ళు 183కే అయిపోయారని తెలిసి సగంమంది ఇళ్ళకి పోయారు. అర్ధరాత్రి వేళ వెస్టిండీస్ 140కి ఆలౌటైందని తెలిసినప్పుడు ఉన్న పదిమందీ వేసిన కేకలకి పోయినవాళ్ళంతా లేచి మళ్ళీ వచ్చారు. మావయ్య నన్ను ఎత్తుకుని గాల్లోకి ఎగరేశాడు. పదేళ్ళవాణ్ణి, బరువుగానే ఉండేవాణ్ణి. దిగ్గానే నేను అడిగింది ఒక్కటే. అమ్మ ఉన్న ఆసుపత్రిలో రేడియో ఉంటుందా అని. మావయ్య సమాధానం చెప్పలేదు. ట్రాన్సిస్టర్ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

అందుకే ఆ సినిమా చివర్లో ఊరి కిటికీల్లోంచి రేడియో అరుపులు వినబడుతుంటే నా ఒళ్ళు గగుర్పొడిచింది. అది 1959 జూన్ 26, న్యూయార్క్ యాంకీ స్టేడియం. వరల్డ్ హెవీవెయిట్ టైటిల్ ఫైట్. స్వీడన్‌కి చెందిన ఇంగెమార్ యోహాన్సన్ మూడో రౌండ్‌లో ఫ్లాయిడ్ పాటర్సన్‌ని ఏడుసార్లు కిందపడేసి గెలిచాడు. మన పిల్లవాడి పేరే ఆయనది, ఇంటిపేరుతో సహా. ఆ బాక్సర్ కథ తర్వాత చదివాను. 1952 హెల్సింకీ ఒలింపిక్స్ ఫైనల్లో సరిగ్గా పోరాడటం లేదని ఆయన్ని డిస్‌క్వాలిఫై చేశారు. వెండి పతకం కూడా ఇవ్వలేదు. దేశం పరువు తీశాడని సొంతవాళ్ళే తిట్టిపోశారు. ఏడేళ్ళకి అదే మనిషి ప్రపంచ చాంపియన్. స్వీడన్ ప్రభుత్వ రేడియో ప్రొఫెషనల్ బాక్సింగ్‌ని ప్రసారం చెయ్యనంది. జనం రేడియో లక్సెంబర్గ్ పట్టుకుని, తెల్లవారుజామున, గరగరల మధ్య విన్నారు. ఆగిపోయిన ఆ వెండి పతకం చివరికి 1982లో ఆయన చేతికిచ్చారు, ముప్ఫయ్యేళ్ళ తర్వాత. తప్పు చేశాడని ముద్రపడినవాడి పేరు పెట్టుకున్న పిల్లవాడు, తప్పంతా తనదేనని నమ్మే పిల్లవాడు. సినిమా ఈ సంగతి నోరు విప్పి చెప్పదు. కిటికీలోంచి అరుపులు, సోఫాలో పక్కపక్కన నిద్రపోతున్న ఇద్దరు పిల్లలు, అంతే.

రెండో ప్రపంచయుద్ధం తర్వాతి యూరప్ పిల్లల మీద నేను ఇంకా కొన్ని సినిమాలు చూశాను. వాటిలో కూలిన మేడలు, రేషన్ వరసలు ఉంటాయి. స్వీడన్ యుద్ధంలో దిగలేదు, తటస్థంగా ఉండిపోయింది. ఆ దేశం మీద శిథిలాలు లేవు. 1950ల్లో అక్కడ జీతాలు పెరుగుతున్నాయి, కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. దేశాన్నే ఒక ఇల్లుగా చేస్తాం, 'ప్రజల ఇల్లు' అని నాయకులు చెప్పుకునేవారు. అంతటి ఇంట్లో ఈ ఒక్క పిల్లవాడికి ఇల్లు లేదు. బయట అంతా బాగుందని అందరూ అంటున్నప్పుడు నాకు బాగాలేదని చెప్పుకోవడం ఇంకా కష్టం. కూలిన గోడ ఉంటే కనీసం దాన్ని చూపించి ఏడవొచ్చు.

ఇంగెమార్ ఏడుపు చాలా ఆలస్యంగా వస్తుంది. అమ్మ కోసం క్రిస్మస్‌కి ఒక టోస్టర్ కొనాలనుకుంటాడు. ఆవిడకి అది అవసరం లేని దశ వచ్చేసిందని వాడికి తెలియదు. ఆవిడ పోతుంది. వాడు ఏడవడు. మళ్ళీ మావయ్య ఊరికి పంపిస్తారు. చలికాలం. ఆ ఇంట్లో ఇప్పుడు జాగా లేదు, రాత్రిళ్ళు ఆర్విడ్సన్ భార్య దగ్గర పడుకోవాలి. అప్పుడూ ఏడవడు. మనుషుల్లో ఉండలేనప్పుడు బల్ల కింద దూరి కుక్కలాగా మొరుగుతాడు. చివరికి సాగాతో గొడవపడినప్పుడు సిక్కన్ చచ్చిపోయిందన్న నిజం బయటపడుతుంది. వాడు పరిగెత్తి వెళ్ళి తోటలో గది తలుపు లోపల గడియ పెట్టుకుని రాత్రంతా ఉండిపోతాడు. కుక్క కోసం మొదలైన ఏడుపు నెమ్మదిగా అమ్మ దగ్గరికి చేరుతుంది. అమ్మ కోసం నేరుగా ఏడిస్తే ప్రాణం నిలవదు. కుక్క కోసం ఏడవొచ్చు.

అంతోన్ గ్లాంజేలియుస్ ఆ పిల్లవాడిగా వేశాడు. అప్పటికి పది పదకొండేళ్ళు. స్వీడన్‌లో సినిమాలకిచ్చే పెద్ద బహుమతి గుల్డ్‌బాగె, ఉత్తమ నటుడిగా అతనికిచ్చారు. పెద్దవాళ్ళతో పోటీపడి. ఆ గదిలో అతని మొహం చూసినవాళ్ళకి అందులో ఆశ్చర్యం కనిపించదు.

నా విషయంలో అది బొంత. మావయ్య ఇంటికొచ్చిన మూడో నెలలో అత్తయ్య దాన్ని సబ్బుతో శుభ్రంగా ఉతికి కంచె మీద ఆరేసింది. పాపం మంచికే చేసింది, మురికి పట్టిందని. సాయంత్రం బడి నుంచి వచ్చి ముక్కు దగ్గర పెట్టుకుంటే సబ్బు వాసన, ఎండ వాసన. అమ్మ వాసన లేదు. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఏడవడం అదే మొదటిసారి. వెక్కిళ్ళు పట్టి, అన్నం తినకుండా, రాత్రి పొద్దుపోయేదాకా. అత్తయ్య భయపడిపోయింది. బొంత ఉతికితే ఇంత ఏడుపేమిట్రా, మురికి బొంతే ఇష్టమా నీకు అని దగ్గరికి తీసుకుంది. చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. ఆ మాటలు నాకు 1994లో దొరికాయి, తెలియని భాషలో.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి, 2011లో, ఆఫీసు పని మీద స్వీడన్ వెళ్ళాను. అప్పటికి అమ్మ పోయి మూడేళ్ళు, వేరే జబ్బుతో. ఒక శనివారం, ఆదివారం కలిసొస్తే రైలెక్కి స్మోలాండ్‌లోని వేక్షో వెళ్ళాను. అక్కడి మ్యూజియంలో గాజు చూసి, మర్నాడు ఓఫోర్స్ వెళ్ళాను. సినిమా తీసింది ఆ ఊళ్ళోనే. ఎర్రరంగు చెక్కఇళ్ళు, తెల్లని కిటికీ చట్రాలు, దేవదారు చెట్లు, నిశ్శబ్దం. కప్పుల మీద ఎవరూ లేరు. అయినా ప్రతి ఇంటి కప్పూ చూశాను.

కోస్టాలో కొలిమి దగ్గర పని చూడనిస్తారు. పొడుగాటి ఇనప గొట్టం చివర కరిగిన గాజు ముద్ద, తేనెలాగా వేలాడుతూ. గొట్టాన్ని తిప్పడం ఒక్క క్షణం ఆపితే గాజు ఒక పక్కకి జారిపోతుంది. అందుకని చేసే మనిషి ఊదుతున్నా, నడుస్తున్నా, మాట్లాడుతున్నా చేతులు మాత్రం తిప్పుతూనే ఉంటాయి. ఆకారం వచ్చాక దాన్ని ఇంకో పొయ్యిలో పెట్టి చాలా నెమ్మదిగా చల్లారుస్తారు. తొందరగా చల్లారితే బయటికి బాగానే కనిపిస్తుంది కానీ లోపల ఒత్తిడి ఉండిపోయి, ఎప్పుడో ఒకరోజు దానంతటదే పగులుతుందట. పాతరోజుల్లో రాత్రిళ్ళు కొలిమి వెచ్చదనం కోసం ఊరివాళ్ళూ, ఇల్లులేని బాటసారులూ అక్కడికి చేరేవాళ్ళు. ఆ వేడిలోనే హెర్రింగ్ చేపలు కాల్చుకుని, కథలు చెప్పుకుని, ఒక మూల పడుకునేవాళ్ళు. ఇప్పటికీ అక్కడ అలాంటి భోజనాలు పెడతారు. ఓఫోర్స్ కార్ఖానా నేను వెళ్ళొచ్చిన కొద్దికాలానికే మూతపడిందని తెలిసి, మా సొంత ఊళ్ళో ఏదో పోయినట్టనిపించింది.

నాతో ఆఫీసులో పనిచేసే స్వీడన్ ఆవిడకి నేను ఆ ఊరు చూసొచ్చానని చెబితే నమ్మలేదు. మాటల్లో గున్నార్ గురించి చెబుతుంటే ఆవిడ నన్ను ఆపింది. సబ్‌టైటిల్‌లో 'అంకుల్' అని ఉండొచ్చు కానీ మా భాషలో ఆయన 'మూర్‌బ్రూర్ గున్నార్' అంది. మూర్ అంటే అమ్మ, బ్రూర్ అంటే అన్నో తమ్ముడో. నాన్న వైపైతే వేరే మాట, 'ఫార్‌బ్రూర్'. ఇంగ్లీషులో అన్నీ ఒకటే, మాకు అలా కాదు అని వివరించబోతుంటే నాకు వేరే వివరణ అక్కర్లేదన్నాను. మేనమామ. పదిహేడేళ్ళుగా నేను గున్నార్‌ని అలాగే అనుకుంటున్నాను, ఏ వైపు అంకులో ఆ సబ్‌టైటిల్ చెప్పకపోయినా.

1994లో ఆ సినిమా చూసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. తెల్లవారి విజయవాడ బస్సెక్కేశాను. పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి, ఇంట్లో ఏమంటారో అని కూడా ఆలోచించలేదు. నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం. అమ్మ వంటింటి గడప దగ్గర కత్తిపీట వేసుకుని దొండకాయలు తరుగుతోంది. ఏంట్రా ఉన్నట్టుండి, ఒంట్లో బాలేదా అంది. బాగానే ఉందన్నాను. మంచినీళ్ళు తాగి ఎదురుగా కింద కూర్చున్నాను. ఏం మాట్లాడాలో బస్సులో అనుకున్నదంతా మర్చిపోయాను.

"అమ్మా, నీకు జబ్బు చేసింది నా వల్లే కదా" అన్నాను.

చెయ్యి ఆగింది. "ఏంటీ?"

జామెట్రీ బాక్సు, కాలవగట్టు, వాన, అన్నీ చెప్పాను. పన్నెండేళ్ళుగా దాచుకున్నది చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. అమ్మ వింటున్నంతసేపూ కనుబొమలు ముడేసి నా వైపే చూసింది.

"ఏ వానరా?" అంది.

నిజంగానే గుర్తులేదు ఆవిడకి. నన్ను వెతకడం గుర్తులేదు, తడవడం గుర్తులేదు. ఆ దగ్గు అంతకు ముందే ఎండాకాలం నుంచీ ఉందట. పక్కింటావిడ దగ్గర మందులు తెచ్చుకుని వాడుతూ ఎవరికీ చెప్పలేదట. నేను నేల వైపు చూస్తూ కూర్చుండిపోయాను.

"మరి నన్నెందుకు పంపించేశారు?" అన్నాను. గొంతు పదేళ్ళవాడిలాగే వచ్చింది.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరిగిన ముక్కల్ని అరచేత్తో గిన్నెలోకి తోసింది.

"నువ్వు నాలాగా దగ్గేవాడివిరా. ఆడుకుంటూ. అచ్చు నాలాగే, గుండె పట్టుకుని, వంగి. నన్ను నవ్వించడానికే చేసేవాడివి. నేనూ నవ్వేదాన్ని. ఒకరోజు నువ్వు అవతలి గదిలో ఒక్కడివీ ఉన్నావు, ఎవరూ చూడట్లేదు. అప్పుడూ దగ్గావు. అది ఆటో నిజమో నాకు తెలీలా. ఆ రాత్రే మీ నాన్నతో చెప్పా, పిల్లాణ్ణి అన్నయ్య దగ్గరికి పంపించెయ్యమని."

అమ్మని నవ్వించడానికి దగ్గడం నాకు గుర్తులేదు. ఆవిడకి వాన గుర్తులేనట్టే.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందని అడిగింది. సినిమా కథ చెప్పాను. సముద్రపొడ్డు, లైకా, పాలగ్లాసు, అన్నీ. దొండకాయలు అయిపోయాయి. అయినా అమ్మ లేవకుండా వింది.

"వాళ్ళమ్మ బతికిందా?"

"లేదమ్మా."

"అయ్యో. మరి కుక్క?"

"అది కూడా."

అమ్మ కత్తిపీట పక్కకి వాల్చేసింది. "మరి వాడికి ఎవరున్నార్రా?"

"వాళ్ళ మావయ్య ఉన్నాడు."

"ఆఁ. మేనమామ ఉన్నాడా" అంది. చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని, గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది.